ఆనవాలు లేని గొంతు

ఒకటో పేజీ, సోమవారం

ఇది వేరే పుస్తకం. ఆటగాళ్ళ గురించి నేను రోజూ చెప్పే మాటలు పెద్దాయన వింటాడు, దాచుకుంటాడు. ఇందులోవి వినడు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది, ఒత్తులు తప్పితే తప్పనీ. ఎక్కడో ఒకచోట ఇది దించుకోకపోతే నాకు అన్నం సయించడం లేదు.

పెద్దాయన అంటే మనిషి కాదు. మా వంశధార జట్టును ఆడించే యంత్రం. ఆటగాళ్ళే ఆ పేరు పెట్టారు. ప్రతి చెడుగుడు జట్టుకీ అలాంటిది ఒకటుంది. అన్నిటివీ ఒకే రకం బుర్రలు కావడంతో ఒకదాని ఎత్తు ఇంకొకదానికి ముందే తెలిసిపోయేది. ఆటలన్నీ సమానంగా ముగిసేవి. జనం చూడడం మానేశారు. అప్పుడు లీగు వాళ్ళు జట్టుకొక మనిషి కన్ను ఉండాలని రూలు పెట్టారు. వంశధారకి ఆ కన్ను నేను, పైడమ్మను. అరవై తొమ్మిదేళ్ళు.

అంతకుముందు పిల్లల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేశాను. ఉబ్బసం వార్డు. ఏ బిడ్డకి ఆయాసం రాబోతోందో మిషన్లు కుయ్యిమనకముందే నాకు తెలిసేది. పుట్టు పిరికిదాన్ని కదా, కళ్ళు ఎప్పుడూ బిడ్డల మీదే ఉండేవి. తర్వాత జట్టు సాధన చేసే ఈ హాల్లో ఊడ్చే పనికి కుదిరాను. ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ, ఆ అబ్బాయి ఇప్పుడు పట్టుబడిపోతాడు అన్నాను. పట్టుబడ్డాడు. వారం రోజులు అలాగే అన్నాను, అలాగే జరిగింది. కోచ్ జగ్గునాయుడు నా చేతిలో చీపురు తీసుకుని కుర్చీ వేశాడు.

నా పని ఆనవాళ్ళు పట్టడం. కూతకి వెళ్ళినవాడు ఎటు దూకుతాడో, ఎప్పుడు అలిశాడో వాడి ఒళ్ళే చెప్పేస్తుంది. ఒకడు దూకే ముందు కాలి బొటనవేలు బిగిస్తాడు. ఒకడు చెవి కదిలిస్తాడు. అవతలి జట్టు చూడకముందే నేను చూసి చెప్పాలి. చెబితే పెద్దాయన ఆ ఆటగాడి మెడపట్టీకి కబురు పెడతాడు. పట్టీ చర్మాన్ని చిమచిమలాడించి ఆ అలవాటు మాన్పిస్తుంది. పడుకున్నా ఆ పట్టీ తీయరు.

ఈ ఏడాది మొదట్లో గౌరీశు ఆనవాలు పట్టాను. ఇరవై మూడేళ్ళవాడు. మా జట్టులో కూతకి వాడే ముందు. ఊపిరి అయిపోతుందనగా వాడి గొంతు కింద, రెండెముకల మధ్య గుంట లోపలికి పీక్కుపోయేది. అప్పటినుంచి మూడు అంకెలు లెక్కపెడితే వెనక్కి తిరిగేవాడు. అవతలివాళ్ళు కనిపెడితే ఆ మూడు అంకెల్లో మీద పడతారు. చెప్పాను. పది రోజుల్లో గుంట కదలడం మానేసింది. ఆ రోజు అందరికీ కాజాలు పంచారు. నాకు రెండు ఎక్కువ పెట్టారు.

అప్పుడు వాడి కూత ఇరవై ఎనిమిది అంకెలు. లీగు వాళ్ళు సెకన్ల గడువు ఎత్తేశారు కాబట్టి ఊపిరి ఉన్నంతసేపూ ఆటే. ఇవాళ యాభై ఒకటి లెక్కపెట్టాను. అందరూ ఈలలు వేశారు. తిరిగి వచ్చి గీత దాటినవాడు రొప్పలేదు. చెమట తుడుచుకుని నీళ్ళు అడిగాడు, అంతే.

నాకు పొద్దుటినుంచి కుడికన్ను అదురుతోంది.

రెండో పేజీ, బుధవారం

పదకొండు నుంచి అయిదు దాకా హాలు తలుపులు తీయరు. ఆ ఎండలో ఊళ్ళో కుక్క కూడా తిరగదు. ఆటగాళ్ళంతా చల్లగదిలో వరసగా పడుకుంటారు. నేను తువ్వాళ్ళు మడతపెడుతూ ఒక్కొక్కరి రొమ్మూ చూస్తూ కూర్చుంటాను. అదొక రోగం నాకు. వార్డులో అంటుకుంది, వదలదు.

గౌరీశు రొమ్ము కదలడం లేదు. నా కళ్ళజోడే మసకబారిందేమో అని తుడుచుకున్నాను. మళ్ళీ చూశాను. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై అయింది. అరవై అయింది. డెబ్భై దగ్గర తువ్వాళ్ళు ఒళ్ళోంచి జారిపోయాయి. వెళ్ళి వాడి భుజం పట్టి కుదిపాను. వాడు ఒక్కసారి పెద్దగా గాలి పీల్చి కళ్ళు తెరిచాడు.

"ఏటి మామ్మా, దొంగలు పడ్డారేటి?"

"ఊపిరి తియ్యడం నేదురా నువ్వు."

"తియ్యకపోతే నీతో ఎలగ మాటాడుతున్నాను? సచ్చిపోయి మాటాడుతున్నానేటి?"

పక్క మంచంవాడు నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. నేను నవ్వలేకపోయాను.

హిమజ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన బాగోగులు చూసే ఇంజనీరు ఆ అమ్మాయి. మంచి పిల్ల, నేను చెప్పేది ఎప్పుడూ ఓపికగా వింటుంది. తెర చూపించింది. గౌరీశు పేరు ఎదురుగా అన్నీ ఆకుపచ్చ గీతలే. గుండె బాగుంది, రక్తం బాగుంది. మరి ఊపిరి సంగతేమిటంటే, గొంతు గుంట ఒక్కటీ విడిగా పోదు అమ్మమ్మగారూ అంది. గాలి కావాలని ఒళ్ళు అడిగినప్పుడే గుంట పడుతుందట. అందుకని పెద్దాయన గుంటను కాదు, ఆ అడగడాన్నే మాన్పించాడట. ఎంతసేపు ఆగవచ్చో హద్దు పెట్టాడట. ఆ హద్దు రోజుకి రెండు అంకెలు పెరుగుతోందట.

"మీరు పట్టిన ఆనవాలే కదా, దాన్నే తీసేశాం" అంది.

మెచ్చుకోలుగానే అంది. ఆ పట్టీ తీసేయమని అడిగాను. ఇంతదాకా వచ్చాక ఒక్కసారిగా తీస్తే ఒళ్ళు మళ్ళీ తనంతట తాను గాలి అడుగుతుందో లేదో తనకీ తెలియదంది. ఆఖరి పోటీ అయ్యాక నెమ్మదిగా చూద్దామంది.

ఆఖరి పోటీకి ఇంకా ఇరవై ఒక్క రోజులు.

మూడో పేజీ, శుక్రవారం

పొద్దున్న అంబలి తాగుతూ గౌరీశు వాళ్ళమ్మ గురించి చెబుతున్నాడు. ఆవిడ ఉప్పుమడుల్లో పనిచేస్తుంది. ఎండలోనే కదా ఉప్పు పండేది, అందరూ తలుపులు వేసుకునే వేళకి ఆవిడ పలుగు పట్టుకుని బయటికి వెళ్ళాలి. కిందటి వేసవిలో రెండుసార్లు పడిపోయిందట. గెలిచిన జట్టులో వాళ్ళ కుటుంబాలకి చల్లపేటలో ఇళ్ళిస్తారు. ఆ పేట మొత్తానికీ ఒకటే కప్పు. లోపల ఎప్పుడూ మార్గశిరమే అంటారు.

"అమ్మకి దుప్పటి కొంతాను మామ్మా. దానికి ఇంతవరకూ దుప్పటితో పనే" అని ఆగిపోయాడు.

గ్లాసు చేతిలోనే ఉంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఏదో ఆలోచిస్తున్నాడనుకున్నాను. పెదవులు చూశాను. నేరేడుపండు తిన్నట్టున్నాయి. వార్డులో ఆ రంగు ఎన్నిసార్లు చూశానో. ఆ రంగు వచ్చాక తల్లుల్ని బయటికి పంపేవాళ్ళం.

వీపు మీద అరచేత్తో కొట్టాను. గాలి పీల్చి, "పడనేదు మామ్మా" అని మాట పూర్తి చేశాడు. మధ్యలో ఆగినట్టు వాడికి తెలియదు.

పట్టీ తీయించుకోమని బతిమాలాను. వాడు నవ్వడం మానేశాడు. ఎన్నడూ లేనిది కసురుకున్నాడు. "నీకు బయిం పుట్టినప్పుడల్లా నాను ఆట మానీలేను. మాయమ్మ ఇంకో ఎండాకాలం బతకదు" అన్నాడు.

కోచ్ దగ్గరికి వెళ్ళాను. ప్రతి ఆటకీ ముందు నేను ఒక్కొక్క ఆటగాడి పేరు మీద వేలిముద్ర వేయాలి, సిద్ధం అనో కాదు అనో. కాదు అనే హక్కు నాకుంది. అదే అన్నాను, గౌరీశుకి కాదు అని వేస్తానని. జగ్గునాయుడు చెడ్డవాడేమీ కాదు. ఒకప్పుడు ఆడినవాడే, రెండు మోకాళ్ళూ పోయినవాడు. తల గోక్కున్నాడు. "కాదంటే ఆనవాలు చూపించాలి కదమ్మా. ఏదీ ఆనవాలు? ఆడు అలిసినట్టు ఒంట్లో ఎక్కడ కనిపిస్తంది? ఒక్కటి చూపించు, నాను కూకోబెడతాను."

ఏం చూపించను? ఉన్న ఒక్కటీ నేనే పోగొట్టాను.

నాలుగో పేజీ, ఆదివారం

రెండు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఇంటి తాళం వేశానో లేదో అని దారిలోంచి రెండుసార్లు వెనక్కి వెళ్ళాను. ఇవాళ స్నానం చేస్తుంటే ఒకటి తోచింది.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి నా కుర్చీలో కూర్చుని చెప్పాను. మరేటంటే, గౌరీశుకి ఒక కొత్త ఆనవాలు పట్టాను. కూత నుంచి వచ్చిన వాళ్ళంతా రొప్పుతారు, వీడు రొప్పడు. వీడి దగ్గర ఇంకా ఊపిరి మిగిలిందని అవతలివాళ్ళకి దాన్నిబట్టే తెలిసిపోతోంది. జాగ్రత్తపడుతున్నారు. వీడు కూడా అందరిలా ఊపిరి తీస్తూ కనబడాలి.

అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. ఆనవాలు పేరు చెబితేనే పెద్దాయన వింటాడు, అందుకని ఆనవాలు పేరే చెప్పాను. హిమజ ఎగిరి గంతేసింది. ఇంత చిన్నది మాకెవ్వరికీ తట్టలేదు అమ్మమ్మగారూ అంది. ఆ పిల్ల ముఖం చూడలేక తల దించుకున్నాను.

ఐదో పేజీ, గురువారం

వాడు రొప్పుతున్నాడు. పొద్దున్న సాధనలో గీత దాటి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, రొమ్ము ఎగిసిపడేలా రొప్పాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మధ్యాహ్నం చల్లగదిలో చూశాను. రొమ్ము లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. ఇంటి నుంచి తెచ్చిన మినపసున్నుండలు అందరికీ పెట్టాను. ఎందుకని అడిగారు. ఊరికే అన్నాను.

ఆరో పేజీ, గురువారమే, సాయంత్రం

నా పిరికితనం నన్ను ఊరుకోనివ్వదు. అయిదు గంటలకి తలుపులు తీసేముందు గౌరీశు మంచం దగ్గరికి వెళ్ళాను. రొమ్ము ఎగిసిపడుతూనే ఉంది. చేతి వెనకవైపు తడి చేసుకుని వాడి ముక్కు కింద పెట్టాను. తడి చేతికి చిన్న గాలి తగిలినా చల్లగా తెలుస్తుంది.

తెలియలేదు.

చెయ్యి మార్చి పెట్టాను. నోటి దగ్గర పెట్టాను. రొమ్ము లేచింది, దిగింది. గాలి లేదు. కనబడాలి అన్నాను కదా. పెద్దాయన కనబడేలా చేశాడు.

చెవిలో గట్టిగా "పీల్చు నాయనా" అన్నాను. పీల్చాడు. నిద్రలోనే.

ఏడో పేజీ, ఆ తర్వాత మంగళవారం

మాట వింటున్నాడు. పెద్దాయన పట్టీతో చెప్పేది ఒకటి, నేను నోటితో చెప్పేది ఒకటి, వాడి ఒళ్ళు రెండూ వింటోంది. ఈ అయిదు రోజులూ వాడిని వదిలి కదల్లేదు. అన్నం దగ్గర, మంచం దగ్గర, మెట్ల మీద కూడా వెంటే. జట్టువాళ్ళు గౌరీశుకి కొత్త పెళ్ళాం వచ్చిందని ఆట పట్టిస్తున్నారు. నాకంటే అందమైనది దొరకదులే అన్నాను. వాడు మొదట విసుక్కున్నాడు. నిన్న మెట్ల మీద కళ్ళు తిరిగి నా మీదే పడ్డాక విసుక్కోవడం మానేశాడు. పట్టీ మాత్రం తీయించుకోనన్నాడు. ఆఖరి పోటీ దాకా నువ్వు నాకాడ ఉండు మామ్మా, చాలు అన్నాడు.

ఆటలో మాట వినబడదు, జనం గోల. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. కూతకి గీత దాటబోయే ముందు నావైపు చూస్తాడు. నేను తలూపితే నిండుగా పీలుస్తాడు. మధ్యలో ఒకసారి చూస్తాడు. నేను అరచెయ్యి ఎత్తితే వచ్చేస్తాడు. సెమీస్‌లో నలభై దగ్గరే ఎత్తాను. అయినా గెలిచాం.

తెచ్చిపెట్టుకున్న ధైర్యమే. డెబ్భైకి దగ్గరపడినదాన్ని, నాకేమైనా అయితే ఎలా అని ఒక పక్క. ఆఖరి పోటీ ఇంకా ఎనిమిది రోజులే కదా అని ఒక పక్క.

ఎనిమిదో పేజీ, శనివారం

హిమజ నన్ను పిలిచింది. తెర మీద సెమీస్ బొమ్మలు పెట్టింది. గౌరీశు తల ఎన్నిసార్లు నావైపు తిరిగిందో ఎర్ర చుక్కలతో చూపించింది.

"ఇది ఆనవాలే కదా అమ్మమ్మగారూ. మీరెందుకు చెప్పలేదు?"

ముసలిదాన్ని, చూసుకోలేదన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను. నేరేడుపండు రంగు, తడి చెయ్యి, మొత్తం. పెద్దాయన హద్దును తగ్గించడం తన చేతిలో లేదంది, పైవాళ్ళు ఒప్పుకోవాలంది, కాగితం పెడతానంది. కనీసం ఈ చూపు సంగతి రాయకమ్మా అని గడ్డం పట్టుకుని అడిగాను. నేను రాయను అని చేతిలో చెయ్యి వేసింది. మాట తప్పే పిల్ల కాదు.

తొమ్మిదో పేజీ, బుధవారం, ఆఖరి పోటీ

మాట తప్పలేదు. ముందుగా అది రాస్తున్నాను, ఎవరూ ఆ పిల్లను అనకూడదని.

పొద్దున్న గౌరీశు అంబలి దగ్గర నావైపు చూడలేదు. పరధ్యానం అనుకున్నాను. గది దాటేటప్పుడు చూడలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే, నేను కిటికీ అయినట్టు నాలోంచి అవతలికి చూశాడు. హిమజ దగ్గరికి పరిగెత్తాను. ఆ అమ్మాయి అప్పటికే తెర ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వేలితో నొక్కింది. నా గొంతు వినబడింది.

మరేటంటే, గౌరీశు కూతకి ముందు పైడమ్మ వైపు చూస్తున్నాడు.

నా దగ్గు. నా నసుగుడు. నేను ఆ మాట అనలేదు. మూడేళ్ళుగా నేను చెప్పినవన్నీ విని, నా చూపు ఎలా ఉంటుందో పెద్దాయన నేర్చేసుకున్నాడు. ఇక నేను చెప్పకపోయినా నా బదులు చెప్పుకుంటాడు. సోమవారమే చెప్పి, పట్టీతో ఆ చూపు మాన్పించేశాడట.

వేలిముద్ర వేయనన్నాను. జగ్గునాయుడు కాగితం నా ముందు పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. గౌరీశు పేరు ఎదురుగా నా ముద్ర, సిద్ధం అని, అప్పటికే పడి ఉంది. అతనూ ఆ కాగితం వంకే చూస్తూ నిలబడ్డాడు. "నాను ముద్ర వేయించనేదమ్మా" అన్నాడు, అంతే.

ఆట చివరి కూత. రెండు పాయింట్లు వెనకబడ్డాం. అవతల ముగ్గురే మిగిలారు. గౌరీశు గీత దాటాడు. నేను తలూపుతూనే ఉన్నాను, పిచ్చిదానిలా. చూడలేదు. ఒకడిని తాకాడు. రెండోవాడిని తాకాడు. ఇప్పుడు సమానం, వెనక్కి వస్తే చాలు. కానీ గెలవాలంటే మూడోవాడు మిగిలి ఉన్నాడు. జనమంతా అంకెలు లెక్కపెడుతున్నారు. యాభై. అరవై. కూత ఒక్క తీరున సాగుతోంది, గొంతు వణకడం లేదు, గుంట కదలడం లేదు. డెబ్భై. పెద్దాయన లెక్క ప్రకారం ఇంకా హద్దు రాలేదు. నేను చూస్తున్నది పెదవులు. డెబ్భై ఆరు. కోచ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. ఆపాలనుకున్నవాడు పట్టుకోవాల్సినంత గట్టిగా పట్టుకోలేదని నాకిప్పుడు అనిపిస్తోంది.

ఆట చాప మీదికి నడిచాను. అరవై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు, పరిగెత్తలేను. నడిచాను. కూత జరుగుతుండగా బయటి మనిషి చాప తొక్కితే ఆ కూత చెల్లదు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళమ్మ పలుగు పట్టుకుని ఉప్పుమడికి వెళ్ళడమూ తెలుసు. వాడి దగ్గరికి వెళ్ళేసరికి నోరు ఇంకా కూస్తూనే ఉంది, శబ్దం మాత్రం రావడం లేదు. కట్లు కత్తిరించే కత్తెర బెంచీ మీంచి ఎప్పుడు తీశానో తెలియదు. పట్టీ కోసేశాను. వాడు నా మీదికి వాలిపోయాడు.

పీల్చు, పీల్చు, పీల్చు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఎనిమిది వేలమందీ విన్నారు. పీల్చాడు.

పదో పేజీ, శుక్రవారం

గౌరీశుని పిల్లల ఆసుపత్రిలోనే పెట్టారు, మంచి మిషన్లు ఇక్కడే ఉన్నాయని. నేను పనిచేసిన వార్డు కాదు, పక్కది. మేము ఓడిపోయాం. లీగు వాళ్ళు నా కార్డు తీసుకున్నారు. వచ్చే ఏడాది నుంచి మనిషి కన్ను అక్కర్లేదని, ఒక యంత్రానికి చూపు వచ్చాక మిగతావాటికీ అదే ఇస్తామని చెప్పారట. గాలి అడగకుండా చేసే మా పట్టీ పాఠం కూడా అన్ని జట్లకీ ఇస్తారట. హిమజ చెప్పింది. ఉద్యోగం మానేసి వచ్చి చెప్పింది.

గౌరీశు వాళ్ళమ్మ నిన్న వచ్చింది. ఎండకి నల్లబడి, వరుగైపోయిన మనిషి. నన్ను తిడుతుందనుకున్నాను. నా చేతులు తన కళ్ళకి అద్దుకుంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఎందుకంటే వాడు ఇంకా తనంతట తాను తీయడం లేదు. నర్సులు చెబితే తీయడం లేదు. వాళ్ళమ్మ చెబితే తీయడం లేదు. నేను చెబితే తీస్తున్నాడు. ఇప్పుడు ఆవిడ గొంతుకి అలవాటు చేస్తున్నాం, ఇద్దరం కలిసి అంటున్నాం. పదిసార్లకి ఒకసారి ఆవిడ ఒక్కతే అన్నా తీశాడు. డాక్టర్లు మిషన్‌తో గాలి పెడతామంటున్నారు. పెట్టనీ. కానీ అది పెడితే వాడి ఒళ్ళు ఇక ఎన్నటికీ అడగదేమో అని నా భయం.

ఇందాక మొదటిసారి కళ్ళు తెరిచి నన్ను పోల్చుకున్నాడు. ఎందుకు వొచ్చీసినావు మామ్మా, ఇంకొక్కడే ఉన్నాడు అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. పీల్చు నాయనా అన్నాను.

పీల్చాడు. రొమ్ము నిండింది. నేను తడి చెయ్యి పెట్టి చూశాను, నిజం గాలే. వాళ్ళమ్మ నావైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

రొమ్ము నిండి అలాగే ఉండిపోయింది. వాడు నా ముఖంలోకి చూస్తూ, బడిలో అనుమతి అడిగే పిల్లాడిలా, బిగపట్టిన గొంతుతో అడిగాడు.

"ఇప్పుడు ఒదిలీనా, మామ్మా?"